ఆషాఢ బహుళ అష్టమి, పది నలభై

మల్లెలపట్నం పురపాలక సంఘంలో ప్రతిదానికీ ఒక వేళ ఉంది. కొళాయి నీళ్ళకి ఒక బోర్డు, చెత్తబండికి ఒక బోర్డు, వీధిదీపాలకి ఒక బోర్డు, కుక్కలు పట్టేవాళ్ళు ఏ వారం ఏ పేటకి వస్తారో తెలిపే బోర్డు ఇంకొకటి. నీళ్ళూ బండీ ఆ వేళకే వచ్చేవా అంటే, అది వేరే సంగతి. బోర్డులు మాత్రం వేళకే పెట్టారు.

ఇంత క్రమశిక్షణ ఉన్న ఊళ్ళో మనుషులు మాత్రం తమకి తోచినప్పుడు పోతూ వచ్చారు. చాలా కాలం ఎవరూ పట్టించుకోలేదు. చివరికి ఒక గురువారం నాడు, రెండే రెండు దహనవేదికలున్న శ్మశానానికి ఒకే పూట ఐదుగురు వచ్చారు. ఐదో ఆవిడ పదకొండో వార్డు కౌన్సిలరుగారి అత్తగారు. కౌన్సిలరుగారు మూడు గంటలు ఎండలో నిలబడ్డారు. వారం తిరక్కుండా కౌన్సిలు సమావేశమయింది. చల్లటి కొండ ఊళ్ళో ‘ముందస్తు ప్రణాళిక’ మీద ఐదు రోజులు శిక్షణ పొంది అప్పుడే దిగిన కమిషనరుగారు లేచి, ప్రణాళిక లేకుండా బతికినవారి వల్ల పురపాలక సంఘానికి ఇబ్బంది లేదనీ, ప్రణాళిక లేకుండా పోయేవారి వల్ల ట్రాఫిక్కుకి అంతరాయం కలుగుతోందనీ సెలవిచ్చారు. సభ్యులు బల్లలు చరిచారు. సుఖాంత పథకం పుట్టింది.

నియమం చిన్నదే. అరవై నిండిన ప్రతి పౌరుడూ తన నిష్క్రమణ తేదీని ముందుగా నమోదు చేయించుకుని, సుఖాంత సంఖ్య తీసుకోవాలి. ఆ సంఖ్య లేనిదే పింఛను రాదు, ఇంటిపన్నులో పేరు మారదు, పక్క భవనంలోని రిజిస్ట్రారు ఆఫీసులో వీలునామా కదలదు. దీన్ని రెండు శాఖల సమన్వయం అన్నారు.

హైమవతికి వీలునామా దగ్గరే చిక్కొచ్చిపడింది.

ఆవిడకి అరవై తొమ్మిదేళ్ళు. గుండెలో ఒక కవాటం బలహీనపడిందనీ, శ్రావణంలో ఆపరేషను చేద్దామనీ డాక్టరు చెప్పాడు. భయపడవలసిందేమీ లేదని కూడా చెప్పాడు. నాలుగుసార్లు చెప్పాడు కాబట్టి ఆవిడ కొంచెం భయపడింది. భర్త పోయి పదేళ్ళయింది. పిల్లలు లేరు. ఉన్న ఇల్లు ఆవిడ పేరునే ఉంది. రెండు గదులు, వంటిల్లు, వెనక ఒక వసారా. ఆ వసారాలో కుట్టుమిషను, మిషను ముందు ఆడపడుచు విశాలాక్షి. పెళ్ళి వద్దనుకుని, పేటలోని మూడు తరాల ఆడపిల్లలకి జాకెట్లు కుడుతూ విశాలాక్షి ముప్ఫయి ఎనిమిదేళ్ళుగా ఆ ఇంట్లోనే ఉంది.

ఆపరేషను బల్ల మీద ఏదన్నా జరిగితే, కాగితం అంటూ లేకపోతే, ఆ ఇల్లు విశాలాక్షికీ ఆవిడ తమ్ముడు సదాశివానికీ చెరిసగం వస్తుంది. రెండు గదుల ఇంటిని సగం చేయడమంటే అమ్మేయడమే. సదాశివం వేరే ఊళ్ళో ఉంటాడు. ఏడాదికోసారి ఫోను చేసే మనిషి, ఆపరేషను సంగతి తెలిసినప్పటినుంచీ వారానికోసారి చేస్తున్నాడు.

“వదినగారూ, ఇంటి వెడల్పు ముప్ఫయి అడుగులా, ముప్ఫయి రెండా?”

“ఎందుకయ్యా?”

“ఊరికేనండి. మీ ఒంట్లో ఎలా ఉందో కనుక్కుందామని.”

హైమవతి ఫోను పెట్టేసి, ఇల్లు మొత్తం విశాలాక్షి పేర వీలునామా రాయించాలని నిశ్చయించుకుంది. శ్రావణంలోపల.

“నాకెందుకు వదినా ఈ కాగితాలూ అవీ,” అంది విశాలాక్షి సూదిలోకి దారం ఎక్కిస్తూ. “నువ్వు శుభ్రంగా తిరిగొస్తావు.”

“వస్తే మంచిదే. రాకపోతే నీ మిషను ఎక్కడ పెట్టుకుంటావు? సదాశివం వాళ్ళ మెట్ల కిందా?”

విశాలాక్షి దారం ఎక్కించడంలో మునిగిపోయింది. ఆ దారం చాలాసేపటిదాకా ఎక్కలేదు.

*

సుఖాంత విభాగం పురపాలక కార్యాలయంలో రెండో అంతస్తులో ఉంది. అక్కడికి రావలసినవాళ్ళంతా అరవై దాటినవాళ్ళు, లిఫ్టు లేదు. మెట్లెక్కలేనివారికి పథకం అవసరం త్వరగా తీరిపోతుందని లెక్కవేసి ఉంటారని హైమవతి అనుకుంది. గోడ మీద పెద్ద అక్షరాలతో ‘మీ చివరి రోజే మా మొదటి ప్రాధాన్యం’ అని రాసి ఉంది. దాని పక్కన గురవయ్యగారి ఫోటో, దండతో. గురవయ్యగారు రైల్వేలో గార్డుగా చేసి రిటైరయిన మనిషి. నమోదు చేసుకున్న రోజున, నమోదు చేసుకున్న గంటకి, రెండు నిమిషాలు ముందే పోయారు. కింద ‘ఆదర్శ పౌరుడు’ అని రాశారు.

విభాగానికి పర్యవేక్షకులు గవర్రాజుగారు. దరఖాస్తు మీద కళ్ళజోడు దించి ఆయన చాలాసేపు చూశారు.

“తమరు నాలుగో గడి ఖాళీగా విడిచిపెట్టారు.”

“అందులో పోయే తేదీ అడిగారండి. అది నాకెలా తెలుస్తుంది? పైవాడికి తెలియాలి.”

“కమిషనరుగారికా?”

“ఇంకా పైన.”

“వారి ఉత్తర్వు నకలు ఏదైనా జతపరిచారా?”

పక్క బల్ల దగ్గర కంప్యూటరు ముందు కూర్చున్న పద్మకుమారి అనే గుమాస్తా జాలిపడింది. “ఖాళీ వదిలితే కంప్యూటరు ఒప్పుకోదు పిన్నిగారూ. ఏదో ఒకటి చెప్పండి, వేసేస్తాను.”

“అయితే ఇరవై ఏళ్ళ తరవాత వెయ్యమ్మా.”

“ఈ ఆర్థిక సంవత్సరం దాటరాదు,” అన్నారు గవర్రాజుగారు. “మార్చి ముప్ఫయి ఒకటి లోపల. లేనియెడల విభాగానికి కేటాయించిన నిధులు మురిగిపోవును.”

“ఊళ్ళో అరవై దాటినవాళ్ళందరూ మార్చిలోపల పోవాలాండీ?”

“పొమ్మని ఎవరినీ ఒత్తిడి చేయడం లేదమ్మా. పోవుట స్వచ్ఛందం. ప్రణాళిక తప్పనిసరి.”

ఆరో గడి చివరి రోజుల వైద్యం గురించి. దీన్ని మాత్రం హైమవతి ఇంటి దగ్గరే శ్రద్ధగా, మంచి దస్తూరితో నింపుకొచ్చింది. ఇక బాగుపడదని తేలాక గొట్టాలూ యంత్రాలూ వద్దు, నొప్పి తెలియకుండా మందిస్తే చాలు, నా మంచం మీద నన్ను ఉండనివ్వండి అని రాసింది. ఇది రాయడానికి ఆవిడ రెండు రోజులు ఆలోచించింది. గవర్రాజుగారు రెండు క్షణాల్లో కొట్టేశారు.

“ఐసీయూ కనీసం మూడు రోజులు ఉండవలెను.”

“నాకేం ఉపయోగం అండీ?”

“తమకి కాదు. బంధువర్గ సంతృప్తి నిమిత్తం. అద్దంలోంచి చూసి రావడానికి వీలుండాలి. లేనిచో ఏమీ చేయించలేదను మాట వచ్చును.”

“నాకున్న బంధువర్గం ఇద్దరే.”

గవర్రాజుగారు ఆలోచించి, ఇద్దరే కనక రెండు రోజులకి కుదించారు. అది తన విచక్షణాధికారమని చెప్పారు.

తొమ్మిదో గడిలో చివరి మాటలు ముందుగా దాఖలు చేయాలి. ఇరవై పదాలు మించకూడదు. దాఖలయ్యాక వేరే మాటలు మాట్లాడకూడదు. హైమవతి ‘విశాలాక్షీ, పాలు పొంగుతున్నాయి చూడు’ అని చెప్పింది.

“ఇందులో సందేశం ఏదీ లేదే,” అన్నారు గవర్రాజుగారు నొచ్చుకుని. గురవయ్యగారు దేశభక్తి గురించి రాశారట.

“ముప్ఫయి ఎనిమిదేళ్ళుగా రోజూ ఆ మాటే అంటున్నానండి. ఆ ఒక్కరోజు కొత్తగా ఏమంటాను?”

నాలుగో గడికి మాత్రం వారం గడువిచ్చి పంపారు.

*

తేదీ అంటే అవధానులుగారి దగ్గరికి వెళ్ళాల్సిందే. హైమవతి పెళ్ళికి ముహూర్తం పెట్టింది వాళ్ళ నాన్నగారు. అరుగు మీద జనం కిటకిటలాడుతున్నారు. అందరూ తెల్ల జుట్టువాళ్ళే.

“పెళ్ళిళ్ళ సీజనులో కూడా ఇంత రద్దీ చూడలేదమ్మా,” అన్నారు అవధానులుగారు పంచాంగంతో విసురుకుంటూ. “మన జనానికి ఏదన్నా చేస్తే మంచి రోజున చేయాలి కదా. పురపాలక సంఘం ఆ సంగతి మరిచిపోయింది. తేదీ మీ ఇష్టం అన్నారు. అందరికీ ముక్కోటి ఏకాదశే కావాలి. ఆ ఒక్కరోజుకి ఆరువందల నలభై దరఖాస్తులు. ఉన్నవి రెండు వేదికలు. లాటరీ తీశారు.”

“శివరాత్రో?”

“నిండిపోయింది. రథసప్తమికి, భీష్మ ఏకాదశికి వెయిటింగు లిస్టు. ఉత్తరాయణమంతా ఎక్కడా ఖాళీ లేదు. మాఘంలో కావాలంటే కౌన్సిలరు సిఫారసు ఉత్తరం ఉండాలి. దక్షిణాయనం మొత్తం ఖాళీ. ఎవరు పోతారమ్మా ఆ ఆరు నెలల్లో? కమిషనరుగారు తల పట్టుకు కూర్చున్నారు.”

ఆయన చెబుతూండగానే వీధిలో మైకు కట్టుకుని ఆటో ఒకటి వెళ్ళింది. చీరల దుకాణం తగ్గింపులు చెప్పే గొంతే. ఆషాఢమాసం ప్రత్యేక అవకాశం, ఈ నెలలో నమోదు చేసుకున్నవారికి అదే రోజు మంజూరు, వాహనం ఉచితం, ఒక పూలదండకి మరొక పూలదండ ఉచితం, త్వరపడండి అంది.

అదే రోజు మంజూరు అన్న మాట హైమవతి చెవిని పడింది. ఉత్తరాయణం కోసం వరసలో నిలబడితే సంఖ్య వచ్చేసరికి శ్రావణం దాటిపోతుంది.

“నాకు పుణ్యలోకాల సంగతి తరవాత అవధానులుగారూ. ఈ ఆషాఢంలోనే చూడండి. నక్షత్రం ఒక్కటి జాగ్రత్త. పోయాక ఆర్నెల్లు ఇల్లు మూసి పెట్టాలనే నక్షత్రాలు వద్దు. తాళం వేస్తే మా విశాలాక్షి ఎక్కడికి పోతుంది?”

అవధానులుగారు వేళ్ళు లెక్కపెట్టారు. “బహుళ అష్టమి, మంగళవారం. అశ్వని. ఇల్లు మూయాల్సిన పనిలేదు. పది నలభైకి బాగుంది.”

“అష్టమినాడు ప్రయాణం పెట్టుకోకూడదంటారు కదా?”

“తిరిగొచ్చే ప్రయాణానికేనమ్మా ఆ పట్టింపు.”

ఆ మధ్యాహ్నమే సుఖాంత సంఖ్య చేతికొచ్చింది. మర్నాటికి వీలునామా రిజిస్టరయింది. కాగితం అడుగున చిన్న అక్షరాలు హైమవతి అక్కడే నిలబడి చదివింది. నిష్క్రమణ ప్రణాళిక ప్రకారం జరగని పక్షంలో ఏడు రోజుల్లో ఈ వీలునామా రద్దగును.

“ఇదేమిటమ్మా పద్మకుమారీ?” అని మళ్ళీ సుఖాంత విభాగానికి ఎక్కి వెళ్ళి అడిగింది.

“అది ఊరికే అచ్చులో ఉంటుంది పిన్నిగారూ. ఎవరూ పట్టించుకోరు.”

*

ఆషాఢ బహుళ అష్టమి నాడు వదినా ఆడపడుచులిద్దరూ పొద్దున్నే వంట ముగించి, రోట్లో రుబ్బిన గోరింటాకు చేతులకి పెట్టుకుని వసారాలో కూర్చున్నారు. ఆషాఢంలో గోరింటాకు పెట్టుకోకుండా ఆ ఇంట్లో ఏ ఏడూ గడవలేదు. పది వేళ్ళకీ టోపీలు పెట్టుకుని, అరచేతులు పైకి తిప్పుకుని ఉండగా వీధి తలుపు చప్పుడైంది.

“తోసుకుని రండి, గడియ లేదు,” అంది హైమవతి.

గవర్రాజుగారు తోసుకుని వచ్చారు. వెనక నలుగురు సిబ్బంది, వాళ్ళ చేతుల్లో రెండు పూలదండలు, ఒకటి ఉచితం. వాకిట్లో తెల్లటి వాహనం. వాహనం చుట్టూ పేట. పద్మకుమారి చేతిలో వేలిముద్రల యంత్రం పట్టుకుని అందరి వెనకా నిలబడి ఉంది. ఆమె హైమవతి వైపు చూడలేదు.

గవర్రాజుగారు గడియారం చూసుకున్నారు. “పది ముప్ఫయి నాలుగు. తమరింకా సిద్ధంగా లేరు.”

“దేనికండీ?”

ఆయన అంత దుఃఖంగా చూశారు కాబట్టి హైమవతికి గుర్తొచ్చింది.

“కూర్చోండి. కాఫీ ఇద్దామంటే చేతులు ఖాళీ లేవు.”

“కూర్చునే వ్యవధి లేదమ్మా. పదకొండున్నరకి రెండో వేదిక మీద ఇంకొకరు. ఆషాఢంలో మాకు వచ్చిందే ఇద్దరు. ఆ ఇద్దరూ ఇలా చేస్తే నేను పైకి ఏమని నివేదించాలి?”

“ఆ రెండో ఆయన సిద్ధంగా ఉన్నారా?” అంది విశాలాక్షి.

“తాళం వేసి ఊరెళ్ళారు,” అంది పద్మకుమారి మెల్లిగా.

పది నలభై అయింది. నలభై ఒకటి కూడా అయింది. సిబ్బందిలో ఒకతను ఒక కాలి మీంచి ఇంకో కాలి మీదికి బరువు మార్చుకున్నాడు. గవర్రాజుగారు పుస్తకం తీసి, నిర్దేశిత సమయానికి దరఖాస్తుదారు హాజరై ఉన్నారు గాని సహకరించలేదు అని రాశారు. వాయిదా కోరాలంటే అక్కడికక్కడ వేలిముద్ర వేయొచ్చు, కానీ హైమవతి బొటనవేలిని గోరింటాకు కప్పేసి ఉంది. కడిగినా యంత్రం ఆ ఎర్ర వేలిని ఆవిడదని నమ్మలేదు. మూడుసార్లు కాదంది.

“ఏడు రోజుల్లో వాయిదా మంజూరు కానియెడల సంఖ్య రద్దు, వీలునామా రద్దు,” అని గవర్రాజుగారు చదివి వినిపించారు. “వాయిదాకి లబ్ధిదారు నిరభ్యంతర పత్రం కావలెను.”

“లబ్ధిదారంటే?”

“తమరు పోవుట వలన లబ్ధి పొందువారు. తమరు పోకపోవుట వలన నష్టపోవుచున్నది వారే కదా. వారిని అడగకుండా ఎలా?”

అందరూ విశాలాక్షి వైపు చూశారు. ఆవిడ పది గోరింటాకు వేళ్ళూ పైకెత్తుకుని, దొంగలు పడిన ఇంట్లో మనిషిలా నిలబడి ఉంది.

ఆ సాయంత్రం సదాశివం ఫోను చేశాడు. ఎవరు చెప్పారో, వీలునామా సంగతీ వాహనం సంగతీ అతనికి తెలిసిపోయాయి. “ఏడు రోజులట కదా వదినగారూ,” అన్నాడు. “కంగారు పడకండి. మీ ఆపరేషనుకి నేను స్వయంగా వస్తాను. టేపు కూడా తెచ్చుకుంటాను.”

ఆ రాత్రి ఇద్దరూ అన్నం సగమే తిన్నారు. ఆపరేషనుకి తొమ్మిది రోజులుంది.

*

ఐదో రోజున విచారణకి పిలిచారు. హైమవతి రెండో అంతస్తుకి మూడుచోట్ల ఆగి ఎక్కింది. విశాలాక్షి ఆ మూడుచోట్లా తన చెప్పు తెగిందేమో చూసుకుంది.

గవర్రాజుగారు గొంతు సవరించుకున్నారు. “లబ్ధిదారు విశాలాక్షిగారు. సదరు హైమవతిగారు ప్రణాళికా తేదీ దాటి జీవించి ఉండుటకు తమకేమైనా అభ్యంతరమున్నదా?”

విశాలాక్షి కుర్చీలో సర్దుకుని కూర్చుంది. ఇన్నేళ్ళలో ఆవిడని ఈ ప్రశ్న ఎవరూ అడగలేదు.

“ఉందండి.”

హైమవతి తల తిప్పి చూసింది.

“రాయమంటారా?” అంది పద్మకుమారి.

“రాయమ్మా. ఒకటి. మజ్జిగలో నీళ్ళు అందరూ పోస్తారు. ఈవిడ నీళ్ళలో మజ్జిగ పోస్తుంది. రెండు. నేను మిషను మీద కూర్చున్నప్పుడే చీపురు పట్టుకొస్తుంది. పడి ఉన్న ప్రతి గుడ్డముక్కా ఆవిడకి చెత్తే. ఒకసారి ఒక పెళ్ళికూతురి జాకెట్టు చెయ్యి ఊడ్చేసింది. మూడు. గుడ్డలు కత్తిరించే నా కత్తెరతో కరివేపాకు కోసింది.”

“అది నేను కాదని పదేళ్ళుగా చెబుతున్నాను,” అంది హైమవతి.

“మరి కరివేపాకు దానంతటదే వచ్చి కత్తెరలో పడిందా వదినా?”

“దరఖాస్తుదారు జోక్యం చేసుకోరాదు,” అన్నారు గవర్రాజుగారు.

అభ్యంతరాలు పదకొండయ్యాయి. పద్మకుమారి పదకొండూ టైపు చేసింది. గవర్రాజుగారు మొత్తం చదువుకుని, పెన్ను మూత తీశారు.

“పదకొండు అభ్యంతరములు ఉన్నందున వాయిదా తిరస్కరించడమైనది.”

“తిరస్కరించడమేమిటండీ?” అంది విశాలాక్షి. “అభ్యంతరం ఉందా అన్నారు, ఉందన్నాను. ఆవిడ లేకపోతే ఇవన్నీ నేను ఎవరితో చెప్పుకోవాలి? ఆ కుర్చీతోనా? ఉండాలి ఆవిడ. రాయండి.”

గవర్రాజుగారు పెన్ను పట్టుకుని ఆగిపోయారు. అటువంటి సమాధానానికి పత్రంలో గడి లేదు. పద్మకుమారి ఊరుకోకుండా ‘అభ్యంతరములు ఉన్నవి, అయినను ఉండవలెను’ అని టైపు కొట్టేసింది.

“ఎంతవరకు ఉండవలెను?” అన్నారాయన చివరికి. “గడువు చెప్పాలి.”

“నేను పోయేదాకా.”

“తమరు ఎప్పుడు?” ఆయన చటుక్కున కాగితాలు తిరగేశారు. “తమకి అరవై ఆరు. తమకి సుఖాంత సంఖ్యే లేదు. ఇది చాలా తీవ్రమైన విషయం. ముందు తమరు నమోదు కావలెను. తేదీ?”

“మా వదిన పోయాక.” విశాలాక్షి గొంతు ఈసారి అంత బిగ్గరగా లేదు. “నేను ముందుపోతే ఈవిడకి ఏ మాత్ర ఏ పూటదో తెలియదండి. తెల్లదీ తెల్లదీ ఒకటే అంటుంది.”

పద్మకుమారి ఒక్క క్షణం ఇద్దరినీ చూసి, తల వంచుకుని టైపు చేసింది. హైమవతి, నిష్క్రమణ తేదీ: విశాలాక్షి తరువాత. విశాలాక్షి, నిష్క్రమణ తేదీ: హైమవతి తరువాత. గడులు ఖాళీగా లేవు కనక కంప్యూటరు ఒప్పుకుంది. రెండో సంఖ్య కూడా ఇచ్చింది.

గవర్రాజుగారు తెర వైపు చూశారు. ఒక ఫైలు మీద వేలు పెట్టి, రెండో ఫైలుకి వెళ్ళి, మళ్ళీ మొదటిదానికి వచ్చారు. అలా నాలుగుసార్లు తిరిగారు. చివరికి సొరుగులోంచి పథకం నిబంధనల పుస్తకం తీసి, ముప్ఫయి నాలుగో నిబంధన పైకి చదివారు.

“ఒక ఫైలు మరొక ఫైలుపై ఆధారపడియున్న యెడల, ఆ మరొక ఫైలు తేలువరకు దీనిని పెండింగులో ఉంచవలెను. పెండింగులో ఉన్నంతకాలము జతపరచిన పత్రములన్నియు చెల్లుబాటులో ఉండును.”

“అంటే రెండోది ముందు తేలాలా సార్?” అంది పద్మకుమారి.

“అవును.”

“రెండోది ఏది సార్?”

ఆయన రెండు ఫైళ్ళనీ ఒకే ఎర్ర తాడుతో కట్టమన్నారు.

హైమవతి చెయ్యి చాపి పుస్తకం అడిగి తీసుకుంది. ఆ నిబంధన మొదటినుంచి చివరిదాకా రెండుసార్లు చదివింది.

“జతపరచిన పత్రాలంటే అందులో వీలునామా కూడా ఉన్నట్టేనాండీ?”

“ఉన్నట్టే.”

“అయితే ఈ పేజీ నకలు ఒకటి ఇప్పించండి. సీలు వేసి. సీలు అక్షరాల మీద పడకుండా, పక్కన.”

ఇంటికి వచ్చాక ఆవిడే సదాశివానికి ఫోను చేసింది. ఇన్నేళ్ళలో అదే మొదటిసారి. అతను విషయమంతా విన్నాడు.

“మరి ఆ ఫైలు ఎప్పుడు తేలుతుంది వదినగారూ?”

“ఇద్దరం పోవాలటయ్యా. ఎవరి తరవాత ఎవరన్నది తేలాలట. నువ్వు టేపు దాచుకో. ఇంటి వెడల్పు ముప్ఫయి ఒకటిన్నర.”

*

ఆపరేషను బాగా జరిగింది. డాక్టరు ఈసారి ఒక్కసారే చెప్పాడు.

హైమవతి ఇంటికొచ్చేలోపల సంగతి ఊరంతా పాకిపోయింది. మొగుళ్ళు తమ గడిలో ‘భార్య తరువాత’ అని రాశారు, భార్యలు ‘భర్త తరువాత’ అని రాశారు. భార్యాభర్తలు లేనివాళ్ళు ఎదురింటివాళ్ళతో కలిసి రాశారు. పార్కులో పేకాడే పదముగ్గురు వరసగా ఒకరి తరవాత ఒకరని రాసి, పదమూడో ఆయన మొదటి ఆయన తరవాత అని రాశారు. ముక్కోటి లాటరీలో గెలిచినవాళ్ళు కూడా తమ తేదీలు వదులుకున్నారు. ఆ ఏడాది చివర కమిషనరుగారు పైవారికి నివేదిక పంపారు. ప్రణాళికాబద్ధ నిష్క్రమణలు ఒకటి, ప్రణాళికేతర నిష్క్రమణలు ఎప్పటిలాగే, పెండింగు నాలుగువేల రెండు వందలు. ఇంత పెద్ద ఎత్తున ప్రజల భాగస్వామ్యం మరే పట్టణంలోనూ లేదని పురపాలక సంఘానికి ఒక జ్ఞాపిక వచ్చింది.

ఒక సాయంత్రం గవర్రాజుగారు హైమవతి ఇంటికి వచ్చారు. వాహనం లేదు. దండలు లేవు. చేతిలో ఒక కాగితం ఉంది. కుర్చీ చూపించగానే కూర్చున్నారు.

“వచ్చే నెల రిటైరవుతున్నానమ్మా. అరవై నిండుతుంది. సంఖ్య లేనిదే నాకు పింఛను రాదు.”

“అందరూ రాసినట్టే రాసేయండి,” అంది హైమవతి.

“రాశాను. భార్య తరువాత అని. ఆవిడ కూడా రాయాలి కదా. దానికి జతగా నిరభ్యంతర పత్రం మీద సంతకం పెట్టాలి. నేను జీవించి ఉండుటకు ఆవిడకి అభ్యంతరం లేదని.” ఆయన కాగితాన్ని మడిచి మళ్ళీ విప్పారు. “రెండు రోజులు ఆలోచించుకుని చెబుతానంది.”

వదినా ఆడపడుచులు ఒకరి మొహం ఒకరు చూసుకోలేదు. చూసుకుంటే ఆపుకోలేమని ఇద్దరికీ తెలుసు.

“ఎన్ని రోజులయింది?” అంది విశాలాక్షి.

“ఇవాళ్టికి ఆరు.”

ఆయనకి కాఫీ ఇచ్చారు. రెండో కప్పు కూడా ఇచ్చారు. ఆయన భార్య మంచావిడేననీ, పెట్టేస్తుందనీ హైమవతి ధైర్యం చెప్పింది. ఆ రోజు తన అభ్యంతరాలు రాసుకున్నలాంటి ఖాళీ కాగితం ఇంకోటి ఉంటే ఆవిడకి ఇచ్చి పంపమనీ, చెప్పుకోవడానికి చోటుంటే సంతకం తొందరగా అవుతుందనీ విశాలాక్షి సలహా ఇచ్చింది. ఆయన దాన్ని శ్రద్ధగా రాసుకుని, చెప్పులు వేసుకుని, నెమ్మదిగా వీధి చివరిదాకా నడుచుకుంటూ వెళ్ళారు. ఇంటికి వెళ్ళే తొందరేమీ ఆ నడకలో కనిపించలేదు.

విశాలాక్షి మిషను దగ్గరికి వెళ్ళి కూర్చుంది. హైమవతి చీపురు తీసుకుని వసారాలోకి వచ్చింది.

“అది సరే గానీ, నువ్వు ఎన్ని రోజులు ఆలోచించావు? ఆ కుర్చీలో కూర్చున్నాక ఉందండీ అనేశావు, నా గుండె అక్కడే ఆగిపోయేది.”

విశాలాక్షి చక్రం మీద చెయ్యి వేసి, కాలికింది గుడ్డముక్కని చీపురికి అందకుండా పక్కకి లాక్కుంది.

“ముప్ఫయి ఎనిమిదేళ్ళనుంచీ ఆలోచిస్తూనే ఉన్నాను వదినా,” అంది. “ఇంకా తేలలా.”

మిషను తొక్కడం మొదలుపెట్టింది.